కొండ అంచున తవక్కుల్

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల నుండి హైదరాబాద్ వెళ్ళి చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన యువకుల్లో కొందరు సెలవులు దొరికితే స్నేహితులతో కలిసి హిమాచల్ ప్రదేశ్ కొండలకు వెళ్తున్నారు. అక్కడి బీర్-బిల్లింగ్, కుల్లూ లోయ పారాగ్లైడింగ్‌కు పేరుపొందిన చోట్లు. ఇలా ఎగరడం జాయిజేనా అని అడిగేవారున్నారు. ఇంట్లో అమ్మీ వద్దంటే, “మౌత్ రాసి ఉంటే మంచం మీద ఉన్నా వస్తుంది. నాకు అల్లాహ్ మీద భరోసా ఉంది” అని జవాబిచ్చేవారూ ఉన్నారు. ఆ ప్రశ్న కన్నా ఈ జవాబు గురించే మనం ఎక్కువగా ఆలోచించాలి.

ఎగరడం స్వతహాగా నిషిద్ధం కాదు. ఆకాశంలో రెక్కలు చాచి ఎగిరే పక్షులను చూసి యోచించమని దివ్య ఖుర్ఆన్ అల్ ముల్క్ సూరాలో మనిషిని ఆహ్వానిస్తున్నది. కాని పక్షికి అల్లాహ్ ఇచ్చిన నేర్పు మనిషికి పుట్టుకతో రాలేదు. పారాగ్లైడర్‌కు ఇంజను ఉండదు. గుడ్డతో చేసిన రెక్క, తాళ్ళు, మనిషిని పట్టి ఉంచే బెల్టులు, అంతే. ఎండకు కొండవాలు వేడెక్కితే గాలి పైకి లేచి ఆ రెక్కను మోస్తుంది. అదే గాలి మధ్యాహ్నానికి బలపడి కుదిపేస్తుంది. కొండకు అవతలి వైపు సుడులు తిరుగుతుంది. అందుకే అనుభవజ్ఞులు గాలి కుదురుకునే దాకా కాచుకుని కూర్చుంటారు. కుదురుకోకపోతే ఎగరకుండానే దిగి వస్తారు.

2024 ఫిబ్రవరిలో కుల్లూ లోయలో తెలంగాణకు చెందిన ఒక యువతి పారాగ్లైడింగ్ చేస్తూ కింద పడి మరణించింది. ఆమె సేఫ్టీ బెల్టును పైలట్ సరిగా చూసుకోకపోవడమే కారణమని అధికారులు అప్పుడు చెప్పారు. అంటే గాలి కాదు, ఒక బెల్టు!

ఒంటెను కట్టి భరోసా ఉంచాలా, వదిలేసి భరోసా ఉంచాలా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు, ముందు కట్టి ఆ తర్వాత అల్లాహ్‌పై భరోసా ఉంచమని దైవప్రవక్త (స) బోధించారు. ఇది తిర్మిజీలోని హదీసు. పిట్టగోడ లేని మేడపై నిద్రించడాన్ని కూడా ఆయన వారించినట్లు అబూ దావూద్‌లో ఉంది. నిద్రకే ఇంత జాగ్రత్త చెప్పిన ధర్మం కొండ అంచున మాత్రం కళ్ళు మూసుకొమ్మంటుందా?

హజ్రత్ ఉమర్ (రజి) షామ్ దేశానికి బయలుదేరి, అక్కడ ప్లేగు వ్యాపించిందని సర్గ్ అనే చోట తెలుసుకున్నారు. సహాబాలతో సంప్రదించి వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ తఖ్దీర్ నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ తఖ్దీర్ నుండి అల్లాహ్ తఖ్దీర్ వైపుకే వెళ్తున్నామన్నది హజ్రత్ ఉమర్ (రజి) జవాబు. ఆయనను పిరికివాడని చరిత్రలో ఎవరైనా అన్నారా? ఆయన విశ్వాసం వెనుదిరగడంలోనే కనిపించింది.

మన దగ్గర చూడండి. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర వరదకు రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోతే రైళ్ళు ఆపేశారు. భూపాలపల్లి సింగరేణి భూగర్భ గనిలో దిగే కార్మికుడు పొట్టకూటి కోసం ప్రమాదంలోకి వెళ్తాడు. అయినా హెల్మెట్, దీపం లేనిదే దిగడు. పైకప్పుకు ఆధారం లేని చోట పని చేయకూడదని అతనికి తెలుసు. బ్రతుకుతెరువు కోసం వెళ్ళేవాడికే ఇన్ని కట్టుబాట్లుంటే, వినోదం కోసం వెళ్ళేవాడికి ఇంకెన్ని ఉండాలి?

తఖ్దీర్ అనేది జరిగిపోయిన దానికి ఓదార్పు. జరగబోయే దానికి అనుమతి పత్రం కాదు. ప్రమాదంలో బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల ముందు తప్పులు ఎంచకూడదు, తఖ్దీర్‌ను గుర్తుచేసి వారిని ఊరడించాలి. కాని బిడ్డ ఇంకా కొండ అంచున నిలబడి ఉన్నప్పుడు తఖ్దీర్ పేరు చెప్పి బెల్టు చూడకపోవడం భరోసా కాదు, నిర్లక్ష్యం. ప్రాణం మన సొత్తు కాదు, అమానత్. దాని గురించి లెక్క చెప్పవలసిన రోజు ఉంది.

యువ సోదరులారా! లైసెన్సు ఉన్న పైలట్‌నే ఎంచుకోండి. బెల్టులు మీరూ ఒకసారి లాగి చూడండి. గాలి బాగా లేదంటే బలవంతపెట్టకండి, కట్టిన డబ్బు పోయినా సరే. నలుగురు స్నేహితులు “దూకరా, ఏం కాదు” అంటుండగా, “ఈ రోజు వద్దు, దిగిపోదాం” అనే ఐదోవాడే మీ నిజమైన స్నేహితుడు. దూకడానికి కావలసిన ధైర్యం కన్నా ఆ మాట అనడానికి కావలసిన ధైర్యమే పెద్దది.

ప్రాణమనే అమానత్‌ను కాపాడుకునే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.