వంశపారంపర్య వ్యాధులు - తవక్కుల్ - మన బాధ్యత

ఇటీవల జుమా నమాజు ముగిశాక ఒక పెద్దమనిషి మా దగ్గరికొచ్చి కూర్చున్నారు. తన చెల్లెలి కొడుక్కి కూతుర్నిచ్చి నికాహ్ చేయాలని నిశ్చయించుకున్నారు. ముందుగా తలసేమియా రక్తపరీక్ష చేయించుకుంటే మంచిదని డాక్టరు సలహా ఇచ్చారట. ఇంట్లో పెద్దలేమో “తఖ్దీర్‌లో ఉన్నది జరగక మానదు, పరీక్షలంటూ తిరగడం తవక్కుల్‌కు విరుద్ధం” అంటున్నారట. “మౌలానా సాబ్! మమ్మల్నేం చేయమంటారు?” అని ఆయన అడిగారు. ఇది ఒక్క ఇంటి సమస్య కాదు గనుక కాస్త వివరంగా మాట్లాడుకుందాం.

ముందుగా పరిశోధకులు నిజంగా ఏం చెబుతున్నారో తెలుసుకోవాలి. బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫోర్డ్ నగరంలో పాకిస్తానీ మూలాలున్న ముస్లిములు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అక్కడ 2007-2011 మధ్య పుట్టిన 11 వేలమందికి పైగా శిశువుల వివరాలు పరిశీలించి, ఫలితాలను 2013లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రకటించారు. పిన్ని, పెద్దనాన్న, మేనత్త, మేనమామల పిల్లలను పెళ్ళాడిన దంపతుల సంతానంలో పుట్టుకతో వచ్చే లోపాల ముప్పు 3 శాతం నుంచి 6 శాతానికి పెరుగుతున్నట్లు తేలింది. “ముప్పు రెట్టింపు” అంటే గుండె జల్లుమంటుంది. “నూటికి 94 మంది ఆ లోపాలు లేకుండానే పుడతారు” అంటే మనసు కుదుటపడుతుంది. రెండూ నిజాలే. ఒకదాన్ని దాచి రెండోదాన్నే చెప్పడం అమానత్‌కు తగదు.

దగ్గరి బంధువుల్లో పెళ్ళిళ్ళు లేనంత మాత్రాన నిశ్చింతగా ఉండటానికీ వీల్లేదు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న ఒక అధ్యయనం 2017లో వెలువడింది. దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలిస్తే, వాటిలో 81 సమూహాలు చాలా కొద్దిమంది పూర్వీకుల నుంచే విస్తరించినట్లు బయటపడింది. తరతరాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకునే ఏ సమాజంలోనైనా లోపమున్న జన్యువులు పేరుకుపోయే అవకాశముంది. కాబట్టి ఇది ఏ ఒక్క మతం వారినో వేలెత్తి చూపే విషయం కాదు.

ఇక తలసేమియా సంగతి. ఈ లోపాన్ని మోసే వ్యక్తి సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాడు. తల్లిదండ్రులిద్దరూ అలాంటివారైతే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు వ్యాధి వచ్చే అవకాశం ఉంటుంది. “మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇక మిగతా ముగ్గురికీ రాదు” అనుకోవడం పొరపాటు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్ళీ మొదటి నుంచే. వ్యాధి తీవ్రంగా ఉన్న బిడ్డకు కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఒంట్లో పేరుకునే ఇనుమును తొలగించడానికి మందులు వాడాలి.

ఇది అగోచర జ్ఞానం (గైబ్)లో తలదూర్చడమా? కానేకాదు. నలుగురిలో ఏ బిడ్డకు వస్తుందో డాక్టరు పెళ్ళినాడే చెప్పలేడు. ఆయనకు తెలిసింది అల్లాహ్ సృష్టిలో పెట్టిన ఒక నియమం మాత్రమే. ఒంటెను వదిలేసి తవక్కుల్ చేయాలా అని అడిగిన వ్యక్తికి, ముందు దాన్ని కట్టి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (సఅసం) బోధించారు. సిరియాలో ప్లేగు వ్యాపించిందని విని హజ్రత్ ఉమర్ (రజి) దారిలోనే వెనుదిరిగారు. ఇది విధివ్రాత నుంచి పారిపోవడం కాదా అని అడిగితే, ఆ వెళ్ళడం కూడా అల్లాహ్ విధివ్రాత వైపుకేనని సమాధానమిచ్చారు. జాగ్రత్త కూడా తఖ్దీర్‌లో భాగమే.

ఇంతవరకూ విన్నాక ఆ పెద్దమనిషి గొంతు తగ్గించి, అసలు భయం బయటపెట్టారు. “పరీక్షలో ఏదైనా తేలితే మా అమ్మాయిని ఇంకెవరు చేసుకుంటారు?” తవక్కుల్ పేరు చెప్పి మనం దాస్తున్న మాట చాలాసార్లు ఇదే. వ్యాధితో బిడ్డ పుడితే కోడలిని నిందించడం, ఆమె పుట్టింటిని ఎత్తిపొడవడం మన ఇళ్ళలో జరుగుతూనే ఉంది. కానీ ఈ వ్యాధి తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే వస్తుంది.

ఒక హదీసు చూడండి. తన భార్య నల్లటి బిడ్డను కన్నదని ఒక పల్లెవాసి అనుమానంతో వచ్చాడు. దైవప్రవక్త (సఅసం) అతని ఒంటెల రంగుల గురించి అడిగారు. ఎర్రటి ఒంటెల మందలో బూడిదరంగుది ఎలా పుట్టిందని ప్రశ్నించారు. పూర్వీకుల పోలిక కాబోలన్నాడు అతను. నీ బిడ్డకూ అంతేనేమోనని ఆయన నచ్చజెప్పారు. అక్కడ వంశపారంపర్యం గురించిన మాట ఒక స్త్రీ గౌరవాన్ని కాపాడింది. అదే జ్ఞానంతో మనం స్త్రీని అవమానిస్తే అది ఎంత అన్యాయం!

ఇరాన్‌లో 1997 నుంచి నికాహ్‌కు ముందు ఈ పరీక్ష జరుపుతున్నారు. అక్కడ మొదట వరుడిని పరీక్షిస్తారు, అతనిలో అనుమానం కలిగితేనే వధువును పరీక్షిస్తారు. సౌదీ అరేబియాలో 2004లో పరీక్షను తప్పనిసరి చేశారు, కాని పెళ్ళి నిర్ణయాన్ని జంటకే వదిలారు. మేము ఆ తండ్రికి చెప్పిందీ ఇదే: “ముందు మీ మేనల్లుడికి చేయించండి. అతనిలో లోపం లేదంటే తలసేమియా గురించి మీ అమ్మాయి సంగతి తెలుసుకోవాల్సిన పనే లేదు. ఉందంటే అమ్మాయికీ చేయించండి. ఫలితాన్ని అమానత్‌గా దాచండి. అమ్మాయిలోనూ లోపముంటే డాక్టరును సంప్రదించి ఇద్దరూ ఆలోచించుకోనివ్వండి.”

దగ్గరి బంధువుతో నికాహ్‌ను అల్లాహ్ ధర్మసమ్మతం చేశాడు, దాన్ని హరామ్ అనే అధికారం మాకు లేదు. అయితే ధర్మసమ్మతమైనదంతా విధి (ఫర్జ్) కాదు. ఎంత జాగ్రత్తపడినా వ్యాధితో బిడ్డ పుడితే, అది తల్లిదండ్రుల పాపం కాదు. ఆ బిడ్డ కూడా అల్లాహ్ అప్పగించిన అమానతే, ప్రేమకూ చికిత్సకూ పూర్తిగా హక్కుదారే.

తెలిసిన దాన్ని న్యాయంగా ఉపయోగించుకునే బుద్ధిని, తెలియని దాన్ని తనకే అప్పగించే విశ్వాసాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.