తిరుగుదారి లెక్క

"కాగడాలు లెక్కపెట్టడం మానేద్దామనుకుంటున్నా అన్నయ్యా," అన్నాడు తమ్ముడు.

వచ్చే నెల నుంచి వాడు నలుగురు స్నేహితుల్ని కూర్చోబెట్టి 'అవుట్ ఆఫ్ ది అబిస్' ఆడించబోతున్నాడు. 2015లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ క్యాంపెయిన్ అది. కథ చాలావరకు అండర్‌డార్క్‌లో, నేల కింద అల్లుకుపోయిన గుహల లోకంలో నడుస్తుంది. మొదటి లెవెల్ నుంచి పదిహేను దాకా సాగే ఆట. వాడు డీఎంగా, అంటే ఆట నడిపేవాడిగా, కూర్చోవడం ఇదే మొదలు.

"మానేస్తే నువ్వు ఆడించేది కిటికీల్లేని ఊరురా, పాతాళం కాదు. అందులోకి దిగామని ప్లేయర్లకి ఎప్పుడు తెలుస్తుంది? వెనక్కి వెళ్ళడానికి ఇంకా ఎంత మిగిలిందో చూసుకున్నప్పుడు. తిరుగుదారే లోతు. దాన్ని లెక్కలో ఉంచకపోతే ఎన్ని మైళ్ళు దింపినా దింపనట్టే."

"బాగానే ఉంది. కానీ వాళ్ళు వారమంతా ఆఫీసులో ఎక్సెల్ షీట్లు నింపి వస్తారు. శనివారం రాత్రి కూడా రొట్టెలూ నూనె సీసాలూ పద్దు రాయమంటే నన్ను తిట్టుకుంటారు. కత్తి తిప్పాలని వస్తారు కానీ కిరాణా లెక్క చూడ్డానికా?"

ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మంచి డీఎంలు చాలామంది ఇక్కడే లొంగిపోయారు. నేనూ ఒక ఏడాది లొంగిపోయాను. ఆ ఏడాది ఆట ఏదీ నాకు సరిగ్గా గుర్తులేదు.

"1981లో టామ్ మోల్డ్‌వే రాసిన బేసిక్ రూల్స్ తీసి చూడు," అన్నాను. "ఒక టర్న్ అంటే పది నిమిషాలు. కాగడా ఆరు టర్న్‌లు వెలుగుతుంది, లాంతరు ఇరవై నాలుగు. ప్రతి ఆరు టర్న్‌లలో ఒకటి కూర్చుని అలుపు తీర్చుకోవాలి. దారిలో ఏదైనా ఎదురుపడుతుందా అని మధ్యమధ్యలో డైస్ వెయ్యాలి. ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. గోడంతా తట్టి రహస్య తలుపు వెతుకుతామంటే వెతకొచ్చు, కానీ వెలుతురు తరుగుతుంది, డైస్ ఇంకోసారి పడుతుంది. కాగడా తీసేస్తే వెతకడానికి ఖర్చే ఉండదు. అన్ని గోడలూ తడతారు. విసుగు అప్పుడు పుడుతుంది."

"రాయడం మాత్రం విసుగే కదా?"

"రాయించకు. నేను రాయించను."

మా బల్ల మీద ఒక స్టీలు గిన్నె ఉంటుంది. అందులో కాగడాకి ఒకటి చొప్పున చింతపిక్కలు. ఆటలో గంట గడిచిందంటే కాగడా పట్టుకున్న మనిషే ఒక పిక్క తీసి పక్కన పెట్టాలి. నేను ముట్టుకోను. ఒక రాత్రి మా ప్లేయర్లు పదకొండు పిక్కలతో దిగారు. ఆరోది తియ్యబోతూ ఒకమ్మాయి చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. ఆరు గంటలు నడిచి వచ్చారు. వెనక్కి కూడా ఆరు గంటలే. మిగిలేవి ఐదు. ఎదురుగా ఇంకా తెరవని ఇనుప తలుపు. ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాన్ చప్పుడొక్కటే. ఆ గదిలో నేను ఏ రాక్షసుణ్ణీ పెట్టలేదు, డైస్ కూడా వెయ్యలేదు. తలుపు తెరవకుండానే వెనక్కి తిరిగారు. ఆఖరి గంట గోడ తడుముకుంటూ నడిచారు. తలుపు అవతల ఏముందో ఇప్పటికీ అడుగుతుంటారు.

వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరి ఎల్ఫులకీ డ్వార్ఫులకీ చీకట్లో కనిపిస్తుందిగా?" అన్నాడు.

"ఈ క్యాంపెయిన్ వచ్చినప్పటి రూల్స్‌లో అరవై అడుగుల దాకా, అదీ మసకగా. రంగులుండవు, అంతా బూడిద రంగే. నేల మీద తడి నీళ్ళో నెత్తురో చూసి చెప్పలేరు."

"గుడ్‌బెర్రీ మంత్రం? పది పండ్లు, ఒక్కొక్కటి ఒక మనిషికి ఒక రోజు తిండి."

"దానికీ ఒక మంత్రం స్లాట్ పోతుంది. వదిలెయ్."

"సరే. గోడ తడుముకుంటూ దారి తప్పకుండా ఎలా వచ్చారు?"

"మ్యాప్ ఉంది. మా వాళ్ళలో ఒకడు గీసేవాడు." చెప్తుంటే ఆ నోటుబుక్కు గుర్తొచ్చింది. గళ్ళ కాగితం, మొండి పెన్సిలు, చెరిపిన చోటల్లా చిరిగిన కాగితం. ఒక మలుపు వాడు ఎడమకి బదులు కుడికి గీశాడు. నేను దిద్దలేదు. నాలుగు సెషన్ల పాటు అందరూ ఆ తప్పునే నమ్మారు. 1978లో గ్యారీ గైగాక్స్ రాసిన పాతాళ సాహసాల్లో షడ్భుజాల గళ్ళతో పెద్ద మ్యాప్ ఉంటుంది, అందులో పెద్ద దారులు, చిన్నవి, ఇంకా ఇరుకువి అని మూడు రకాలు. చూడముచ్చటగా ఉంటుంది. కానీ నాకు మావాడి తప్పుడు మ్యాపే ఇష్టం, ఎందుకంటే అది వాళ్ళ నడకతో పుట్టింది. వాడికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. వెళ్తూ నోటుబుక్కు మాకే ఇచ్చి వెళ్ళాడు. ఇప్పుడు గీసే అమ్మాయి చాలా శుభ్రంగా గీస్తుంది, కానీ వాడి పేజీల మీద ఇంతవరకూ రబ్బరు పెట్టలేదు.

"ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడికో వచ్చాం," అన్నాడు తమ్ముడు. "నువ్వు చెప్పిందే నిజమేమోలే. ఈ కథలో కూడా మొదటి సగమంతా పైకి రావడం కోసమేగా."

"అందుకే చెప్తున్నా. తిరుగుదారి బరువు అప్పుడు తెలిస్తేనే, రెండో సగంలో కావాలని మళ్ళీ కిందికి దిగేటప్పుడు వాళ్ళ కాళ్ళు వణుకుతాయి."

అమ్మ పిక్కలు దాచిన డబ్బా తెచ్చి వాడి ముందు పెట్టాను. మూత తీసి ఒక గుప్పెడు అరచేతిలో పోసుకున్నాడు.

"మొదటి రోజు ఎన్ని వెయ్యమంటావు?"

"వాళ్ళు డ్రౌ ఎల్ఫుల చెరలో కళ్ళు తెరుస్తారు కదరా. ఉన్నదంతా ఎప్పుడో లాగేసుకున్నారు. గిన్నె ఖాళీగా పెట్టు."