గిరాకీ వైపు తిరిగిన దేవుడు

ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి ఎవరైనా వెబ్‌సైట్ పెట్టించాలనుకుంటే, డిజైనర్ ముందుగా అడిగేది ‘ఏ లుక్‌లో కావాలి సార్?’ అనే. జవాబు కోసం దూరం పోనక్కర్లేదు. అదే జిల్లాలో, హిందూపురానికి పదిహేను కిలోమీటర్లలో లేపాక్షి ఉంది. గుడి కప్పు నిండా రంగుల బొమ్మలు, లతామండపం స్తంభాల నిండా నగిషీలు. ఆ నగిషీలు చీరల అంచుల్లోకి ఎప్పుడో దిగాయి. ఇక ఫోను తెర మీదికి ఎక్కించడమే తరువాయి. కానీ పైకి అభిరుచి వ్యవహారంలా కనిపించే ఈ ఎంపికలో పాత ధర్మసందేహం ఒకటుంది. చేతులెత్తి మొక్కే రూపాన్ని సరుకు అమ్మడానికి వాడుకోవచ్చా?

వాడుకున్నవాళ్లు చాలామందే. పంతొమ్మిదో శతాబ్దంలో మాంచెస్టర్ మిల్లుల గుడ్డ మన దేవతల బొమ్మల చీటీలు అంటించుకుని ఇక్కడికి వచ్చింది. 1894లో రవివర్మ ప్రెస్సు మొదలయ్యాక అచ్చుబొమ్మల దేవతలు ఇంటింటికీ చేరారు, తర్వాత దుకాణాల క్యాలెండర్లకీ ఎక్కారు.

ఆగమాల ప్రకారం బొమ్మ వేరు, దేవుడు వేరు. శిల్పి చెక్కిన రాయికి నేత్రోన్మీలనం (కళ్లు తెరిపించడం), ప్రాణప్రతిష్ఠ జరిగాకే పూజ. ఆ లెక్కన వెబ్‌సైట్లో కనిపించే లేపాక్షి వీరభద్రుడు ఉత్త చిత్రమే. భక్తుడికి మాత్రం ఈ లెక్క సరిపోదు. క్యాలెండర్ దేవుడికి ఏ పూజారీ ప్రాణప్రతిష్ఠ చెయ్యలేదు. అయినా ఏడాది దాటాక ఆ కాగితాన్ని చెత్తలో వెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాదు.

చీర ఈ తగువును మాటల్లేకుండానే తీర్చుకుంది. గోపురం అంచు, రుద్రాక్ష అంచు కట్టుకున్నవాళ్ల పాదాలకు తగులుతూనే ఉంటాయి, ఎవరూ తప్పుపట్టరు. అదే దేవుడి రూపం నేస్తే సాధారణంగా భుజం మీది కొంగులోనే నేస్తారు, కుచ్చిళ్లలోకి దిగనివ్వరు. గుడి ఆకారానికి ఒక మర్యాద, గుళ్లోని రూపానికి మరో మర్యాద. వెబ్ పేజీలో ఈ పైనా కిందా నిలవవు. బొటనవేలితో తోస్తే కొంగూ అంచూ ఒకటే. ఆ ఫోను ప్యాంటు వెనక జేబులోకి పోతుంది, మంచం మీదికీ పోతుంది.

చట్టం కొంతవరకు దారి చూపుతుంది. మతభావాలను నొప్పించే గుర్తును 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం నమోదు చెయ్యనివ్వదు. అగరబత్తీలకు ‘రామాయణ్’ పేరు ఒక్క వ్యాపారికే సొంతం కాదని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే అందరి దేవుడు ఒకరి లోగో కాలేడు. అయితే సొంతం చేసుకోకుండా వాడుకుంటే తప్పేమిటన్నది కోర్టు తీర్చే ప్రశ్న కాదు.

దీనికి లేపాక్షి కప్పు మీదే ఒక జవాబు కనిపిస్తుంది. అచ్యుతదేవరాయల కాలంలో (1529–42) ఈ గుడికి పూనుకున్న విరూపణ్ణ పెనుకొండ అధికారి, నందిలక్కిసెట్టి కొడుకు. ఖజానా సొమ్ము గుడికి పెట్టాడన్న నింద పడితే తన కళ్లు తానే పెరికి గోడకు విసిరాడని కథ. కాబట్టి డబ్బుకూ దేవుడికీ ఇక్కడ చుట్టరికం కొత్త కాదు. విరూపణ్ణ తన బొమ్మ కూడా వేయించుకున్నాడు. తమ్ముడు వీరణ్ణతో, పరివారంతో నిలబడి విభూతి అందుకుంటున్నట్టు. అక్కడ సెట్టిగారి కొడుకు దేవుడి వైపు తిరిగి ఉన్నాడు. హోమ్ పేజీలో దేవుడు గిరాకీ వైపు తిరుగుతాడు.

వ్యాపారి ఖాతా పుస్తకం మొదటి పేజీలో ‘శ్రీ’ రాసి పసుపు కుంకుమ పెడతాడు. అది అతనికీ దేవుడికీ మధ్య సంగతి. హోమ్ పేజీ మీది దేవుడికి వేరే పని పడుతుంది. ఈ పట్టు అసలుదే, జరీ మంచిదే, ధర న్యాయమే అని కొనేవాడికి జామీను ఉండాలి. దేవుడు ఆ జరీని పరీక్షించలేదు. ఆ పూచీ పడటానికి సిల్క్ మార్క్ ఉంది, హ్యాండ్లూమ్ మార్క్ ఉంది, ధర్మవరం పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది. సరుకు తేడా వస్తే వాటి పేరు చెప్పి నిలదీయవచ్చు.

అలాగని పేజీ బోసిగా ఉండనక్కర్లేదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కార్లు చెయ్యడం మొదలుపెట్టిన కియా 2021లో లోగో మార్చుకుంది. ప్రపంచమంతా అదే లోగో, ఊరితో దానికి పని లేదు. చీరకు ఊరే సగం విలువ. లేపాక్షి కప్పు మీది కావి, పసుపు, నలుపు, సున్నపు తెలుపు తీసుకోవచ్చు. ఆ బొమ్మల్లో ఆడవాళ్లు కట్టిన చారల చీరలు, గళ్ల చీరలు ఉండనే ఉన్నాయి. కమాన్ల మీద గుడి శిఖరాన్ని నిలిపిన పెనుకొండ గగన్ మహల్ ఉంది. అక్షరాలకు సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన ఫాంట్లలో పెద్దన, ధూర్జటి, తెనాలి రామకృష్ణుడి పేర్లతో ఉన్నవి దొరుకుతాయి.

చిక్కంతా నందితోనే. ఒంటిరాతి లేపాక్షి నందికి దండం పెట్టనివారు అరుదు. అయినా రాష్ట్ర ప్రభుత్వం 1964 నుంచి సినిమావాళ్లకు ఇస్తూ వచ్చిన అవార్డుకు ఆ పేరే పెడితే ఎవరూ నొచ్చుకోలేదు. నంది దేవుడా, దేవుడి భక్తుడా? భక్తుడే అనుకుంటే విరూపణ్ణ పక్కన చోటు దొరుకుతుంది, లోగోకి అభ్యంతరం ఉండదు. దేవుడే అనుకునే గిరాకీ ఆ నంది ముద్ర ఉన్న సంచీని ఇంటికి తీసుకెళ్లాక ఏం చేస్తుందన్నది డిజైనర్ కాదు, వ్యాపారే ఆలోచించుకోవాలి.