అమ్మకు చెప్పి పో బిడ్డా

బిడ్డా, ఫోన్‌లో పరిచయమైన కుట్లు అల్లికల స్నేహితులను కలవడానికి పోతానంటే నేను అడ్డం పడను. పెద్దది కదా, కాదంటుందేమోనని ముందే మొహం మాడ్చుకోకు. పో. కానీ అమ్మకు చెప్పి పో. నేను చెప్పేది ఇదొక్కటే. చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్తానని విసుక్కుంటావు. విసుక్కున్నా సరే, ఇంకో నాలుగుసార్లు చెప్తాను.

నీ సరదా నాకు అర్థం కాక కాదు. ఇంట్లో నువ్వొక్కదానివే మగ్గం బిగించుకుని కూర్చుంటావు. జాకెట్ చేతుల మీద జరీ కుడతావు, పూసలు ఎక్కిస్తావు, కాస్త తీరిక దొరికితే లేసు అల్లుతావు. రాత్రయ్యేసరికి మెడ పట్టేస్తుంది, కళ్లు గుంజుతాయి. ఇంట్లోవాళ్లు ఒకసారి తొంగిచూసి ‘బాగుందే’ అంటారు, ఎవరి పనిలో వాళ్లు పడిపోతారు. అదే ఫోన్‌లో ఫొటో పెడితే ఎక్కడో నరసాపురంలో లేసు అల్లే అమ్మాయి చూసి, ‘మూడో వరసలో దారం వదులైంది, అక్కడిదాకా విప్పి మళ్లీ అల్లు’ అంటుంది. ఆ మాటకు నీకు ప్రాణం లేచొస్తుంది. పని తెలిసినవాళ్లు మెచ్చుకుంటే ఒక సంతోషం, పని తెలిసినవాళ్లు తప్పు పట్టుకుంటే అంతకన్నా ఎక్కువ సంతోషం. అది అన్ని ఇళ్లల్లో దొరకదు. అందుకే నీ స్నేహాలు ఉత్త కాలక్షేపమని నేను అనను, ఎవరైనా అన్నా ఊరుకోను.

మన సిద్దిపేట జిల్లా అసలే చేతిపనుల జిల్లా. సిద్దిపేట గొల్లభామ చీర చూశావు కదా. నెత్తిన కుండ పెట్టుకుని నడిచే ఆ బొమ్మను దారం దారం లెక్కపెట్టి మగ్గం మీదే నేస్తారు. అచ్చు వేసింది కాదు, తర్వాత కుట్టింది కాదు. 2012లో ఆ చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇటు చేర్యాలలో నకాషీవాళ్లు ఖాదీ గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి ఎర్రటి నేల మీద పురాణకథలన్నీ బొమ్మలుగా గీశారు. ఆ ఇళ్లల్లో నేర్పేవాళ్లు, నేర్చుకునేవాళ్లు ఒకే వాకిట్లో ఉండేవాళ్లు. అమ్మ చేతిలోంచి, నాయిన చేతిలోంచి పని బిడ్డ చేతికి వచ్చేది. నీకు నేర్పేవాళ్లు ఊరుగాని ఊళ్లో ఉన్నారు. కాలం అలా వచ్చింది, తప్పేం లేదు. కానీ నేర్పేవాళ్లు దూరంగా ఉన్నారని అమ్మను కూడా దూరం పెడతావా?

దూరం పెడుతున్నానని నీకు తెలియదు, అదే నా బాధ. నువ్వు చెడ్డదానివి కాదు. తొందరదానివి, అంతే. ‘ఎవరే ఆమె?’ అని అమ్మ అడుగుతుంది. ‘ఫ్రెండ్ అమ్మా’ అంటావు. ‘ఏ ఊరు?’ ‘నీకు తెల్వదులే.’ ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ దారం చివర ముడి వెయ్యకుండా కుట్టు మొదలుపెట్టినట్టే ఇది. మొదట్లో చక్కగా నడుస్తుంది, ఎక్కడో ఒకచోట గుంజితే మొత్తం ఊడి చేతికొస్తుంది.

నిన్ను అనుమతి అడగమనడం లేదు. పెద్దదానివయ్యావు, నాలుగు రూపాయలు సంపాదిస్తున్నావు. చెప్పమంటున్నాను. ఆమె పేరేంటి, ఏ ఊరు, ఏం పని చేస్తుంది, ఎక్కడ కలుస్తారు, ఎన్నింటికి తిరిగొస్తావు. ఆమె నంబరు క్యాలెండర్ మీద ఆ తేదీ పక్కనే రాసిపెట్టు. అమ్మకు నీ ఫోన్ తెరవడం రాకపోవచ్చు, క్యాలెండర్ చూడటం వచ్చు.

మా వీధిలో ఒక పిల్ల ఉంది, చేతిలో మంచి పనితనం ఉంది. ఫోన్‌లో స్నేహమైన ఒకావిడ పూసలూ కుందన్లూ హోల్‌సేల్ ధరకు ఇప్పిస్తానంది, ముందు డబ్బు పంపమంది. పంపింది. పూసలు రాలేదు, అవతలి ఫోన్ మూగబోయింది. ఇంట్లో చెప్పడానికి సిగ్గుపడి ఆ పిల్ల వారం రోజులు లోపల్లోపల కుమిలింది. డబ్బు పోయిన రోజే 1930 నంబరుకు ఫోన్ చేసుంటే, అది ఇంకో ఖాతాకు దాటిపోకముందే బ్యాంకులో ఆపించే అవకాశం ఉండేది. సైబర్ మోసాల కోసం పెట్టిన నంబరే అది. వారం గడిచాక ఎవరేం చెయ్యగలరు? అమ్మకు మొదటి నుంచీ ఆ స్నేహం సంగతి తెలిసుంటే, ఆ పిల్ల ఆ సాయంత్రమే నోరు తెరిచేది. అమ్మ తిట్టేది, నిజమే. తిట్టి, చెప్పులేసుకుని, పోలీస్ స్టేషన్ దాకా వెంట నడిచేది కూడా అమ్మే.

ఇక కలవడం సంగతి. మొదటిసారే వాళ్లింటికి పోకు. ఎంత మంచివాళ్లయినా సరే. పగటిపూట, నలుగురూ తిరిగే చోట కలువు. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో జరీ, లేసు దుకాణాలున్నాయి, మీ ఇద్దరికీ అదే పండగ. మాదాపూర్ శిల్పారామం ఉంది, పనివాళ్ల స్టాళ్లు చూస్తూ తిరగొచ్చు. మనసుకు ఏదైనా తేడాగా అనిపిస్తే మర్యాద కోసం మొహమాటపడకు, లేచి వచ్చెయ్. ఎవరైనా ఇబ్బంది పెడితే 112 ఉంది, 2014 నుంచి పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి. మొహమాటంలో ఆడపిల్లలు పోగొట్టుకున్నది ఎంతో నాకు తెలుసు.

ఇంకో మాట చెప్తాను, నవ్వకు. మొదటిసారి కలవడానికి మీ అమ్మను కూడా వెంట తీసుకుపో. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ప్రజ్ఞాపూర్‌లో ఎక్కితే రాజీవ్ రహదారి పట్టుకుని నేరుగా సికింద్రాబాద్ జేబీఎస్‌లో దిగడమే. ఆధార్ కార్డు చూపిస్తే నీకూ జీరో టికెట్టే, అమ్మకూ జీరో టికెట్టే. ఇదివరకు ‘ఇద్దరికీ ఛార్జీలెందుకు దండగ’ అని అమ్మే వెనక్కి తగ్గేది. ఇప్పుడు ఆ వంక కూడా లేదు. అమ్మ వస్తే ఏమవుతుంది? దారపు ఉండ దగ్గర పది రూపాయలకు బేరమాడుతుంది. నీ చిన్నప్పటి సంగతులు రెండు చెప్తుంది. నీకు చెవులు ఎర్రబడతాయి. అంతకుమించి ఏమీ కాదు. నీ స్నేహితురాలికీ ఒక అమ్మ ఉంటుంది కదా, ఆమెనూ తెమ్మను. కూతుళ్లిద్దరూ జరీ చుట్టలు ఏరుకుంటుంటే తల్లులిద్దరూ ఓ పక్కన కూర్చుని ఊరూ పేరూ అన్నీ కనుక్కుంటారు. నువ్వు నెలల తరబడి మెసేజీల్లో అడగలేకపోయినవి వాళ్లు ఒక చాయ్ తాగేలోపు తేల్చేస్తారు. అమ్మ పక్కనుంటే నడవని స్నేహమని తెలిస్తే, అది కూడా ఆ రోజే తెలిసిపోతుంది, మంచిదే.

ఆ తర్వాత ఆమెను ఇంటికి పిలువు. ఎప్పుడు పిలవాలంటావా? బతుకమ్మకు పిలువు. ఎంగిలిపూల నాడు ఇంటినిండా ఆడవాళ్లుంటారు, ఒక మనిషి ఎక్కువైనా బరువు కాదు. సిబ్బిలో గుమ్మడి ఆకులు పరిచి, తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు వరసలు పేరుస్తుంటే ఆమెనూ కూర్చోబెట్టు. గునుగుపూలకు రంగులద్దే పని ఆమెకు అప్పజెప్పు. రంగు తెలిసిన చెయ్యి కదా. మీ పిన్నులూ మేనత్తలూ ‘ఎవరి బిడ్డవే నువ్వు?’ అని అడుగుతారు. అడగనీ. ఆ ప్రశ్నకు జవాబు చెప్పి మన వాకిట్లో కూర్చున్న మనిషి ఇక ఫోన్‌లో మనిషి కాదు, ఇంటి మనిషి.

ఇంట్లో నలుగురూ కలిసినప్పుడు నీ తీరు గురించి కూడా అనాలి. కోపం తెచ్చుకోకు. మొన్న మీ అక్కకు ఒడిబియ్యం పోస్తున్నారు. పసుపు కలిపిన బియ్యం, కుడకలు, పోకలు, ఖర్జూరాలు, రవికముక్క అన్నీ సర్దుకుని అమ్మ ‘పీట ఎక్కడే’ అని వెతుక్కుంటోంది. నువ్వేమో ఏ మూల నుంచి తీస్తే బాగా వస్తుందా అని ఫోన్ పట్టుకుని తిరుగుతున్నావు. వీడియో తర్వాత, బిడ్డా. ముందు పీట వెయ్యి. తీసిన ఫొటోల్లో మీ మేనత్త అలసిపోయి కొంగు జారి కునుకు తీస్తున్నదీ ఉంది, అది నలుగురి ఫోన్లకూ పోయింది. ఆమె నిన్నేమీ అనలేదు. మీ అమ్మతో అంది, మీ అమ్మ మాట పడింది. పెట్టేముందు ఒక్కసారి అడుగు, అంతే.

అన్నం బంతి సంగతీ అంతే. అందరికీ వడ్డించి, చుట్టాలను బస్సెక్కించి, కడబంతిలో అమ్మ కూర్చునేసరికి గారెలు ఉండవు, పచ్చిపులుసు అడుగంటి ఉంటుంది. ‘నాకు ఆకలి లేదులే’ అంటుంది. నమ్మకు. ఈసారి ఆమెను మొదటి బంతిలో కూర్చోబెట్టి నువ్వు వడ్డించు. ఒప్పుకోదు. గద్దించు. కొడుకులూ, ఇది బిడ్డలకు చెప్పే మాట అనుకుని జారుకోకండి, గరిటె మీ చేతుల్లోనూ పడుతుంది.

మే నెల రెండో ఆదివారం మదర్స్ డే అని అమ్మ ఫొటో పెట్టి పూలూ హృదయాలూ అతికిస్తావు. ఆ రోజును మొదలుపెట్టిన మనిషి కథ తెలుసా? అమెరికాలో అన్నా జార్విస్ అని ఒకామె, చనిపోయిన తన తల్లి కోసం 1908 మే 10న గ్రాఫ్టన్ అనే ఊళ్లోని చర్చిలో జరిపించింది. 1914లో అక్కడి ప్రభుత్వం దాన్ని గుర్తించింది. తర్వాత పూల దుకాణాలూ కార్డుల కంపెనీలూ ఆ రోజు మీద పడి వ్యాపారం చేసుకుంటుంటే, ఆమే వాళ్ల మీద బతుకంతా పోట్లాడింది. అచ్చు వేసిన కార్డు కొని పంపడం ఆమెకు గిట్టేది కాదు, సొంత చేత్తో ఉత్తరం రాయాలనేది. పెళ్లీ పిల్లలూ లేని ఆ మనిషి అమ్మ కోసం అంత పట్టుపట్టిందంటే నాకు ఆమె మీద గౌరవం. నువ్వు చేత్తో పని చేసేదానివి కదా, ఆమె మాట నీకు అర్థం కావాలి. ఎవరెవరికో ఆర్డర్ మీద జాకెట్లు కుట్టి పంపుతున్నావు. మీ అమ్మకు ఒక్కటి కుట్టావా? ‘నాకెందుకే ఈ వయసులో’ అంటుంది, బీరువాలో దాచిపెడుతుంది. అననీ, దాచనీ. కొలతలు తీసుకుని కుట్టు.

ఇంకో సంగతి. చేతిపని నేర్చుకోవడానికి ఊళ్లన్నీ వెతుకుతున్నావు, మీ అమ్మ చేతులను ఎప్పుడైనా దగ్గరగా చూశావా? సంక్రాంతికి సకినాలు చుట్టేటప్పుడు చూడు. నానబోసిన బియ్యం తడితడిగా ఉండగానే పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు వేసి కలుపుతుంది. నీళ్లు ఇంత అని కొలత లేదు, వేళ్లకే తెలుసు. తెల్ల పంచె పరిచి కూర్చుంటుంది. పిండి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలిక పడుతూ సన్నగా దిగుతుంది. మధ్యలో చిన్న సున్నా, దాని చుట్టూ ఇంకోటి, దాని చుట్టూ మరోటి. ఎక్కడా తెగదు, ఎక్కడా లావు కాదు. గుడ్డ మీద కాస్త ఆరాక విరగకుండా తీసి నూనెలో వెయ్యడం ఇంకో విద్య. అది ఏ వీడియో చూసినా రాదు, పక్కన కూర్చుంటేనే వస్తుంది. వాడకట్టు ఆడవాళ్లంతా ఒకరింటి పని ఒకరు అందుకుని చేసేవాళ్లు. ఇవాళ మీరు ఫోన్‌లో గుంపు కట్టుకుని చేసే పని మీ అమ్మలు పంచె చుట్టూ కూర్చుని ఏనాడో చేశారు. మీ అమ్మకు నీ స్నేహాలు అర్థం కావని అనుకుంటున్నావు. నీకంటే ముందే ఆమెకు తెలుసు, నువ్వు అడగలేదు.

కాబట్టి బిడ్డా, ఈసారి సకినాలకు బియ్యం ఏ రోజు నానబోస్తుందో అమ్మను అడిగి తెలుసుకో. ఆ మర్నాడు ఏ ఆర్డరూ పెట్టుకోకు. నీ నరసాపురం స్నేహితురాలికి ఫోన్ చేసి రమ్మను. రమ్మనే ముందు, అమ్మకు చెప్పు.