ఆలుమగల మధ్య అప్పు



దీపావళి నాడు వ్యాపారస్తులు కొత్త ఖాతా పుస్తకానికి పసుపు కుంకుమలు పెట్టి పూజిస్తారు. లెక్క రాయడం మన పెద్దల దృష్టిలో లక్ష్మీపూజలో భాగమే. కానీ ఆ పుస్తకాన్ని మనం పడకగది గడప దాటనివ్వం. మొగుడూ పెళ్ళాల మధ్య లెక్కలేమిటి అంటాం. ఈ మాట ఎంతవరకు ధర్మమో ఈ పండుగ వేళ కాస్త ఆలోచిద్దాం.

జెబెల్ అలీలో ఓడరేవు 1979లో, ఫ్రీజోన్ 1985లో మొదలయ్యాయి. కరీంనగర్ నుంచి, కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇటు వచ్చిన మనవాళ్ళలో ఎందరో ఏజెంటుకు కట్టిన మొదటి డబ్బు ఇల్లాలి మెడలోని గొలుసు. "వెళ్ళగానే విడిపిస్తాను" అన్నాం. ఆ మాటకు కాగితమూ లేదు, సాక్షీ లేడు. కొన్ని ఇళ్ళలో భార్యే ఇక్కడ ఇంటిపని చేసి దిర్హాములు పంపితే, ఊళ్ళో భర్త పేరున స్థలం వెలిసింది. ఇదంతా అప్పా, కానుకా?

భార్య ఆస్తిని కరువులోను, ధర్మకార్యానికి, రోగం వచ్చినప్పుడు, నిర్బంధంలో పడినప్పుడు వాడుకుంటే భర్త తిరిగి ఇవ్వనక్కరలేదని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతుంది. తక్కిన అవసరాలకు వాడితే ఇవ్వాలనే కదా దాని భావం! గల్ఫ్ వీసా ఆ నాలుగింటిలో లేదు.

నేటి న్యాయస్థానం ఇంకో అడుగు ముందుకు వేసింది. స్త్రీధనం పూర్తిగా భార్యదేననీ, భర్త దానికి కాపలాదారు మాత్రమేననీ 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 ఏప్రిల్‌లో కేరళకు చెందిన ఒక కేసులో, కష్టకాలంలో వాడుకున్నా సరే, దాన్నో దాని విలువనో తిరిగి ఇవ్వడం భర్త నైతిక బాధ్యత అన్నది. పుట్టింటివారు పెట్టిన 89 సవర్ల బంగారం పోగొట్టుకున్న ఆ ఇల్లాలికి 25 లక్షల రూపాయలు ఇవ్వమన్నది.

నగల సంగతి ఇలా ఉండగా, చేబదులుగా ఇచ్చిన నగదు దారి వేరు. 1919లో ఇంగ్లండులో ఒక కేసు నడిచింది. సిలోనులో ఉద్యోగం చేసే భర్త, ఇంగ్లండులో ఉండిపోయిన భార్యకు నెలకు 30 పౌండ్లు ఇస్తానన్నాడు. ఆలుమగల మధ్య అలాంటి మాట ఒప్పందం కాదని కోర్టు కొట్టివేసింది. మన దేశంలో నోటిమాటగా ఇచ్చిన అప్పు కూడా చెల్లుతుంది. కాని అది అప్పేనని రుజువు చేయాలి. మామూలుగా ఇచ్చిన నాటి నుంచి మూడేళ్ళలోపు దావా వేయాలి. ఆ లోగా బాకీ ఉన్నానని రాసి సంతకం చేస్తే గడువు మళ్ళీ మొదలవుతుంది. లేకుంటే రెండేళ్ళ వీసా ఒక్కసారి పొడిగించుకుని, అది ముగిసేలోపే గడువు దాటిపోతుంది.

కాగితం రాస్తే అనురాగం తగ్గుతుందని కొందరు పెద్దలంటారు. అందులో కొంత నిజముంది. పిల్లల్ని ఒంటరిగా పెంచిన ఏళ్ళకు, అత్తమామలకు చేసిన సేవకు ఏ ఖాతా సరిపోదు. వాటిని రాయమని మేము అనడం లేదు. తిరిగి ఇస్తానని నోటితో అన్నదాన్ని మాత్రం రాయమంటున్నాం. ఎందుకంటే ఇచ్చినామె అడగలేదు. అడిగితే గయ్యాళి అంటాం. కనుక రాయవలసింది తీసుకున్నవారే, అదీ అడగకముందే. పైగా రేపు మనకేదైనా జరిగితే ఆమె నిలబడవలసింది మన ముందు కాదు, మనవాళ్ళ ముందు. అప్పుడు ఆమె పక్షాన మాట్లాడేది ఆ కాగితమే. అలాంటప్పుడు అది అపనమ్మకం ఎలా అవుతుంది?

పెళ్ళిపీటల మీద ధర్మంలోను, అర్థంలోను, కామంలోను అతిక్రమించనని ప్రమాణం చేశాం. అందులో అర్థమంటే డబ్బే కదా. ఈ దీపావళికి ఒక కాగితం తీసుకుందాం. ఎన్ని తులాలు, ఎప్పుడు, ఏ అవసరానికి తీసుకున్నామో రాసి, సంతకం చేసి, ఆమె చేతిలో పెడదాం. ఇంటి లక్ష్మికి అంతకన్నా మంచి పూజ ఏముంటుంది?

శుభం భూయాత్.