మనసుకు మెతుకు పట్టేదెలా?

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా కెలకం. ఒక్క మెతుకు పట్టి చూస్తాం. మరి మనసు కుదుటపడిందో లేదో తెలియాలంటే ఏ మెతుకు పట్టాలి?

కెనడాలో అబ్రం హోఫర్, హంఫ్రీ ఆస్మండ్ అనే డాక్టర్లిద్దరు 1961లో 145 కార్డుల పరీక్ష ఒకటి ప్రకటించారు. చూపు, వినికిడి, రుచి, వాసన, కాలం నడక, ఇలాంటివాటిలో తేడా తోస్తోందా అని కార్డులు అడుగుతాయి. రోగి 'అవును' అన్నవి ఒక పక్కనా, 'కాదు' అన్నవి ఇంకో పక్కనా పెట్టాలి. మార్కులెక్కువైతే జబ్బెక్కువ. మందు పనిచేస్తే మార్కులు తగ్గాలి. మన పిల్లల పరీక్షలకి సరిగ్గా తలకిందులన్నమాట!

వాళ్ళ విటమిన్ల వైద్యాన్ని 1973లో అమెరికా మానసిక వైద్యుల సంఘం ఒప్పుకోలేదు. ఒక్క పరీక్షతో జబ్బు తేల్చడమూ సరికాదు. అయినా ఆ కార్డుల్లో నాకు నచ్చిన గుణం ఒకటుంది. "నీకెలా ఉంది?" అని అవి రోగినే అడుగుతాయి.

మనం అడుగుతామా? మా భోగాపురంలో ఒక కోడలు, కూరలో ఏదో వాసన వస్తోందని అన్నం మానేసింది. "నాటకాలు" అంది అత్తగారు. "గాలి సోకింది, తాయెత్తు కట్టించండి" అన్నారు ఇరుగుపొరుగు. ఆ పిల్లకి నిజంగానే వాసన తెలుస్తోందేమోనని ఎవరికీ తోచలేదు. చివరికి పెద్దాడపడుచు విశాఖ బస్సెక్కించి చినవాల్తేరు మానసిక వైద్యశాలకి తీసుకెళ్ళింది. కొన్ని నెలలకి, "వదినా, ఇవాళ పులుసు పులుసులాగే ఉంది" అందిట. ఆ ఒక్క మాటా 145 కార్డుల పెట్టు.

ఇంకో వింత వినండి. మొహం అచ్చుని తిరగేసి లోపలి గుంట చూపిస్తే, సాధారణంగా మనకది ఉబ్బెత్తు మొహంలాగే కనిపిస్తుంది. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళలో చాలామందికి గుంట గుంటలాగే కనిపించిందని పరిశోధకులు గమనించారు. అక్కడ పొరబడింది మనమే! చూపులో తేడా ఉందంటే అబద్ధమాడుతున్నట్టు కాదు.

కొలత మంచిదే. థర్మామీటరు లేనిదే జ్వరం తగ్గిందని ఎలా నమ్ముతాం? కానీ తగ్గాక కూడా '102' అని నుదుట రాసుకు తిరగమనం కదా! ఆ కోడలికి మాత్రం ఇప్పటికీ పేరంటాలకి పిలుపు లేదు. ఒకప్పుడు వైద్యం చేయించుకున్నంత మాత్రాన మనిషికి జబ్బుందని తేల్చకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. చట్టానికున్నపాటి మర్యాద మన వాకిళ్ళకి లేకపోతే ఎలా?

ఆవిడ చూపుకి పరీక్షలు పెట్టాం. ఆవిడని మనం చూసే చూపుకి మార్కులెవరు వేస్తారు?

వచ్చే శ్రావణ శుక్రవారం మా ఇంట మొదటి బొట్టు ఆవిడకే పెట్టాలనుకుంటున్నాను. వచ్చేవాళ్ళు వస్తారు. మీరైతే వస్తారా?