పేరు పట్టాలో, చెమట చేనిలో



2020వ సంవత్సరము మార్చి నెలలో మహమ్మారికి వెరచి దేశమంతయు తలుపులు మూసికొన్నప్పుడు, ఖమ్మము మొదలుకొని భద్రాచలపు అడవి అంచు వరకు మన చేలలో మిరప కోతకు వచ్చియుండెను. పండిన కాయ రోగమునకు భయపడి ఆగదు గదా! సంతలు మూతపడెను. బండ్లు నిలిచెను. కూలీలు దారిలేక నిలువబడిరి.

ప్రభుత్వములు ఊరకుండలేదు. తెలంగాణలో ఆహార భద్రత కార్డుగల ఇంట మనిషికి 12 కిలోల బియ్యము, కుటుంబమునకు 1,500 రూపాయలు ఇచ్చిరి. పొరుగు రాష్ట్రముల కూలీలకును 12 కిలోల బియ్యము, 500 రూపాయలు ప్రకటించిరి. ఏప్రిలులో కేంద్రము కిసాన్ సమ్మాన్ నిధి క్రింద 2,000 రూపాయలు రైతుల ఖాతాలలో వేసెను. జూనులో రైతుబంధు సొమ్ము ఎకరమునకు 5,000 చొప్పున వచ్చెను. రాబడి పడిపోయిన కాలములో అందిన ఈ మేలును మనము మరువరాదు.

అయినను ఒక ప్రశ్న మనలను విడువదు. రైతుబంధు పట్టా పుస్తకమును చూచి నడిచెను. రెండెకరముల వానికి 10,000, ఇరువది ఎకరముల వానికి లక్ష. ఆ చేనినే కౌలుకు దున్నినవానికి ఏమియు లేదు. అడవి అంచున పోడు కొట్టుకొని, హక్కు పత్రము రాని కోయ కుటుంబమునకును లేదు. పెక్కుమందికి ఆ పత్రములు 2023 జూన్ నెలాఖరు నుండి గాని అందలేదు. రోగము మాత్రము ఎకరములు లెక్కించి రాలేదు.

సర్కారు ఏమి చేయును? కౌలు నోటిమాట, కాగితము లేనిదే సొమ్ము పంచినచో దళారుల పాలగును. ఈ మాటలో న్యాయము లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఆరంభమైన రైతు భరోసా, సాగు హక్కు పత్రముగల కొన్ని వర్గముల కౌలుదారులకు సయితము ఇచ్చెను. కాని ఆ పత్రమునకు భూయజమాని సంతకము కావలసివచ్చెను. చూచితిరా? చట్టము ఎంత దూరము నడిచినను, చివరకు యజమాని గుమ్మము దగ్గరనే ఆగుచున్నది.

అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయములో, అనుదిన పంపకమున కొందరు విధవరాండ్రు మరువబడిరి. సణిగినవారిని అపొస్తలులు గద్దించలేదు. ఏడుగురిని ఏర్పరచి లోటు దిద్దిరి. జాబితాలో తప్పిపోవుట ఏ కాలమందైనను జరుగును. తప్పిపోయినవారిని ఎవరు చూచుకొనవలెననునదే విషయము.

మనలో కొందరము పట్టాగలవారము. చేను కౌలుకిచ్చితిమి. ఆ వేసవి గడవగానే సొమ్ము మన ఖాతాలో పడెను. కౌలుదారుని పిలిచి, “ఇందులో నీ పాలు ఇది” అంటిమా? కౌలు ఒక బస్తా అయినను తగ్గించితిమా? సొమ్ము పుచ్చుకొనుట పాపము కాదు. అది చట్టప్రకారము మనదే. చట్టప్రకారము మనదైనదంతయు న్యాయముగా మనదేనా అనునదే మనము జవాబు చెప్పవలసినది.

ఆ ఏప్రిలులోనే, పొరుగున ములుగు జిల్లాకు మిరప కోతకై వచ్చిన బీజాపూరు ప్రాంతపు పన్నెండేండ్ల బాలిక, అడవి దారిన ఇంటికి నడచుచు, ఊరు చేరువలోనే ప్రాణము విడిచెను. ఆమె పేరు ఏ పట్టాలోను లేదు. ఆమె కోసిన కాయ మాత్రము మనవంటివారి కల్లములలోనే ఎండెను.

2025 జనవరిలో తెలంగాణలో రైతుబంధు స్థానమున రైతు భరోసా వచ్చెను. ఎకరమునకు 6,000 అయ్యెను. పేరు మారినది, మొత్తము పెరిగినది. ప్రశ్న అదే. చేని మూలలు కోయక బీదకును పరదేశికిని విడువుమని పూర్వము ఆజ్ఞ పొందినవాడు పొలము గలవాడే. ఈ కారు సొమ్ము పడిన దినమున, మన చేను దున్నుచున్న వాని ఇంటికి మనమే నడచిపోవుదము.